ఏడు రాత్రుల గుడ్డ

ఆ జనవరిలో నేనొక గుడ్డ ఉతికాను. అంతకుముందూ, ఆ తర్వాతా ఇంకే గుడ్డనూ అంత శ్రద్ధగా ఉతికి ఉండను.

పెళ్ళయి మీనాబాన్ కొండపల్లెకు వచ్చి అప్పటికి ఏడు వారాలు. నాకు ముప్పై మూడేళ్ళు. డెర్రీ పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు కాలర్లు కుట్టాను. పెళ్ళి మాట నేనూ, నన్నెరిగినవాళ్ళూ దాదాపు మరిచిపోయాక మేనస్ వచ్చాడు. భార్య యూనా పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. రెండు ఆవులు, కొండ మీద కాసిని గొర్రెలు, పదేళ్ళ కూతురు నాబ్లా. మేనస్ మంచివాడు. మనుషులతో కంటే ఆవులతో ఎక్కువ మాట్లాడతాడు, అంతే.

ఆ రోజు చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. ఇంట్లో ఉన్న బట్టలన్నీ బయటికి తీశాను. మంచం కింద చెక్కపెట్టె అడుగున ఒక నారగుడ్డ కనిపించింది. చేటంత ఉంటుంది. పొగచూరి, అక్కడక్కడ మట్టి మరకలతో, పక్షి రెట్ట ఎండిన గుర్తుతో ఉంది. ఒక పక్క అంచు లేదు, ఎవరో చేత్తో చింపినట్టు పోగులు వేలాడుతున్నాయి. గుడ్డ మాత్రం గట్టిది. మంచి నార. ఎందుకు పాడుచేసుకోవడం అనుకున్నాను. సోడా వేసి ఉడకబెట్టాను. బండ మీద రుద్దాను. నీలిమందు పెట్టాను. సగం ఆరాక లోపలికి తెచ్చి, పోగులు వేలాడే పక్కను మడిచి సన్నగా కుట్టి, మళ్ళీ తీగ మీద వేశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

నాబ్లా బడి నుంచి వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

"అది ఎక్కడిది?"

"ఏది?"

"అదే. తీగ మీద చివరిది."

"పెట్టె అడుగున పడుంది. ఎంత మురికి పట్టిపోయిందో! గిన్నెలు తుడుచుకోడానికి పనికొస్తుందని..."

"ఉతికావా?"

"ఉడకబెట్టి ఉతికా. చూడు, పాలలా తేలింది."

ఆ పిల్ల తీగ దగ్గరికి వెళ్ళి గుడ్డ మూల పట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత రెండో మూల పట్టుకుని చూసింది. ఏడవలేదు. పుస్తకాల సంచి అక్కడే నేల మీద పెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయింది. మేనస్ వచ్చేదాకా ఆవు పక్కనే కూర్చుంది.

మేనస్ గుడ్డ చూసి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"అది బ్రిజిడ్ తల్లి గుడ్డ, సేడీ."

"అంటే?"

"ఫిబ్రవరి ఒకటిన ఆ పునీతురాలి పండగ కదా, దాని ముందు రాత్రి బయట పొద మీద వేస్తారు. ఆ రాత్రి తల్లి ఊళ్ళమ్మట తిరుగుతూ దాన్ని తాకి వెళ్తుంది. పొద్దున్నే తీసి దాచుకుంటారు. తలనొప్పికి, దగ్గుకి, ఆవు ఈనేటప్పుడు దాని వీపు మీద వెయ్యడానికి. ఏటేటా అదే గుడ్డ వెయ్యాలి. ఏడేళ్ళు వేస్తే ఇక దానికి తిరుగుండదు. డెర్రీలో మీరు పండగ చేసుకోరా?"

"చేసుకుంటాం. బడిలో తుంగతో శిలువలు అల్లేవాళ్ళం. గుడ్డ సంగతి నాకెవరూ చెప్పలేదు." నా గొంతు పెరిగింది. "నువ్వు చెప్పలేదేం?"

"ఉతుకుతావని ఎవరనుకుంటారు? దాన్ని ఎవరూ ఉతకరు."

అతను చెప్పిందీ నిజమే, నేను అడిగిందీ నిజమే.

నాబ్లాకు మూడేళ్ళప్పుడు కోరింత దగ్గు వచ్చి చావుదాకా వెళ్ళిందట. ఆ ఏడే యూనా ఆ గుడ్డ మొదలుపెట్టింది. ఆరు సార్లు తనే వేసింది. ఆరోసారి వేసిన నెలన్నరకు తను పోయింది. ఏడోసారి, కిందటేడు, ఎవరూ చెప్పకుండానే తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతీ వెళ్ళి పొద మీద వేసి వచ్చింది.

నేను దాన్ని సోడా వేసి ఉడకబెట్టాను.

*

క్షమాపణ చెప్పాను. ఒకసారి కాదు. పిల్ల విన్నట్టే విని వెళ్ళిపోయేది. మర్నాటి నుంచి నాతో నేరుగా మాట్లాడటం మానేసింది. నేను ఎదురుగా ఉండగానే మాటలన్నీ తండ్రి మీదుగా వచ్చేవి.

"నాన్నా, నాకు గుడ్డు వద్దని ఆవిడకి చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పు."

మేనస్ నా వంక చూసి, "గుడ్డు వద్దంట" అనేవాడు. నేను గుడ్డు తీసి అతని పళ్ళెంలో వేసేదాన్ని. అలా ఆ నెలలో మేనస్ చాలా గుడ్లు తిన్నాడు.

ఒక రోజు మాత్రం నాబ్లా ఆవును నిమురుతూ, నాకు వినపడేటట్టే, దానితో అంది: "నువ్వు వచ్చే నెల ఈనుతావు కదే. నీ మీద ఏం కప్పుతారు? చెయ్యి తుడుచుకునే గుడ్డా?"

మేనస్ అక్క కాసీ గ్లెంటీస్‌లో ఉంటుంది. పిల్లల్లేరు, భర్త పోయాడు. మేనస్ ఆవిడకు ఉత్తరం రాశాడు. జవాబు వెంటనే వచ్చింది. మేనస్ దాన్ని నాకు చదివి వినిపించలేదు, బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. నేను చదవాలనే పెట్టాడు. 'పిల్లని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచు. ఇక్కడ బడి ఉంది. మీ కొత్త సంసారం కుదుటపడుతుంది. పండగ ముందు రోజుకి నేనొస్తాను, మర్నాడు పొద్దున్న బస్సుకి తీసుకుపోతాను.'

ఆ సాయంత్రం మేనస్ అడిగాడు. "వెళ్తావా, నాబ్లా?"

"వెళ్తా."

అంతే. ఆ పిల్ల తన పుస్తకాలు, అమ్మ దువ్వెన, రెండు జతల మేజోళ్ళు మూటకట్టి మంచం కింద పెట్టుకుంది. ఆ మంచం కిందే ఆ చెక్కపెట్టె కూడా ఉంది.

ఆ పిల్ల పుట్టిన ఇల్లది. యూనా పోయినప్పుడు కూడా కాసీ తీసుకెళ్తానంటే, నేను రానని గుమ్మం పట్టుకుని నిలబడిన పిల్లట. ఇప్పుడు నా వల్ల వెళుతోంది. నేను వచ్చిన రెండు నెలలకే. మేనస్ నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నన్నడిగితే నేనే డెర్రీ వెళ్ళిపోతానని చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

*

నాకు చేతనైనది కుట్టుపని. పిల్ల ఊరు వెళ్ళేటప్పుడు కోటు పొట్టిగా ఉండకూడదనుకున్నాను. బూడిదరంగు ఉన్ని కోటు. యూనా తన కోటునే కత్తిరించి కూతురికి కుట్టింది, చివరి చలికాలంలో. పిల్ల పెరుగుతుందని కింద బాగా మడత వదిలింది. ఇప్పుడది మోకాళ్ళ పైకి వచ్చేసింది. మడత విప్పి మూడంగుళాలు దించితే ఇంకో రెండేళ్ళు వస్తుంది.

నాబ్లా బడికి వెళ్ళలేదు, శనివారం. పక్కింటివాళ్ళ కుక్కపిల్లల్ని చూడటానికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో కుట్టు విప్పడం మొదలుపెట్టాను. యూనా కుట్టు పెద్ద గొప్పగా లేదు, కానీ నమ్మకంగా ఉంది. కుట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఎడమచేతి మనిషన్నమాట. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉంటూ ఆవిడ గురించి నాకు నేనుగా తెలుసుకున్న మొదటి సంగతి అది.

ఎడమ వైపు వెనక, జానెడు మేర, కుట్టు రెండు వరసలుంది. చేత్తో తడిమితే దళసరిగా తగిలింది. అతుకేమో అనుకుని ఒక మూల నాలుగు కుట్లు విప్పాను.

లోపల నారగుడ్డ పీలిక. పొగచూరి బూడిదరంగుకు తిరిగింది. ఒక పక్క పాత అంచు, రెండో పక్క చేత్తో చింపిన పోగులు.

ఆ పోగులు నాకు తెలుసు. వాటి జోడు పోగులనే నేను మడిచి, పైన సన్నగా కుట్టాను.

బ్లేడు కింద పెట్టేశాను. ఆ సందులోంచి వాసన వచ్చింది, పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డల పొగ వాసన, దానికింద ఇంకేదో, నాకు పరిచయం లేనిది. మొహం వెనక్కి తీసుకున్నాను. అది నేను చూడాల్సిన వాసన కాదనిపించింది.

పిల్లని కేకేసి పిలవొచ్చు. ఇదిగో, మీ అమ్మ దాచింది, దీన్నెవరూ ఉతకలేదు, అని చేతిలో పెట్టొచ్చు. ఆ మొహం ఎలా మారుతుందో ఊహించుకున్నాను కూడా. చాలాసేపే ఊహించుకున్నాను. కానీ అది నేను దాచింది కాదు, నేను ఇవ్వడానికి. ఆ తల్లి చెప్పకుండా కుట్టింది, చెప్పకుండానే ఆ పిల్ల దాన్ని వేసుకు తిరుగుతోంది. మధ్యలో నేనెవర్ని?

విప్పిన నాలుగు కుట్లూ మళ్ళీ వేశాను. ఎడమకు వాల్చి వేద్దామని చూశాను, నా చెయ్యి వినలేదు. కుడికే వాలాయి. ఆ జానెడు మేరా అలాగే వదిలేసి మిగతా కోటంతా దించాను. కొత్త అంచు చక్కగా తిరిగి వచ్చి, ఆ చోట మాత్రం మూడంగుళాలు పైకి లేచి, మళ్ళీ కిందికి దిగింది. ఎలుక కొరికినట్టుంది. పద్దెనిమిదేళ్ళలో అలాంటి పని ఒక్కటి చేసినా మా సూపర్‌వైజర్ ఫ్యాక్టరీలోంచి గెంటేసేది.

మేనస్ కోటు ఎత్తి పట్టుకుని చూశాడు. "ఇక్కడేమైంది?"

"అది అంతే దిగుతుంది."

"ఓహో," అన్నాడు. కోట్ల గురించి అతనికి సొంత అభిప్రాయాలు లేవు.

*

మర్నాడు ఆదివారం. చర్చి బయట తపాలా ఆఫీసు మేరీ ఎలెన్ నాబ్లా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏం సేడీ, డెర్రీలో ఇప్పుడిదా ఫ్యాషను? ఒక పక్క చలి, ఒక పక్క వెచ్చన?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. "ఫ్యాక్టరీలో కాలర్లే నేర్పుతారు కాబోలు, కిందికి రానివ్వరు," అంది ఇంకొకావిడ. నాబ్లా చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి కోటు అంచు చూసుకుంది, నన్ను చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

పూజలో నా ముందు వరసలో, తండ్రి పక్కన మోకరించింది. నాకు ఆ పిల్ల వీపు, కోటు, ఆ వంకర అంచు కనిపిస్తున్నాయి. కాసేపటికి చెయ్యి వెనక్కి వచ్చింది. కోపంగా అంచు కిందికి లాగింది. మళ్ళీ లాగింది. మూడోసారి లాగబోయి వేళ్ళు ఆగాయి. నెమ్మదిగా తడిమాయి. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు. అందరూ లేచి నిలబడ్డా ఆ పిల్ల లేవలేదు. మేనస్ భుజం తట్టాడు. అప్పుడు లేచింది, కోటు అంచు పిడికిట్లోనే ఉంది.

ఇంటికి నడిచేటప్పుడు ఎప్పుడూ తండ్రి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తుంది. ఆ రోజు నెమ్మదిగా వెనకబడింది. నా పక్కకు వచ్చాక, రోడ్డు వంకే చూస్తూ అంది:

"చూశావా?"

"ఏది?"

"లోపలున్నది."

"కొంచెం. ఒక మూల విప్పేశాను, తెలీక. మళ్ళీ కుట్టేశాను."

"ఉతకలేదుగా?"

"లేదు."

"నాన్నకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

కొంత దూరం నడిచాం. రాయి ఒకటి తన్నింది.

"మేరీ ఎలెన్ నవ్వింది."

"నవ్వనీ."

"నీకు కుట్టడం రాదనుకుంటోంది."

"అనుకోనీ."

"నువ్వు కుట్టినవి ఎన్ని?"

"నాలుగు. కుడికి వాలినవి నావి. ఎడమకి వాలినవన్నీ మీ అమ్మవి."

"అమ్మది ఎడమ చెయ్యి."

"తెలుసు. కుట్టు చూస్తే తెలిసిపోతుంది."

పరుగెత్తి తండ్రిని కలుసుకుంది. నేనేదో ఆశపడ్డాను. ఇంటికి వచ్చాక, ఊడ్చే నెపంతో మంచం కింద చూశాను. మూట అక్కడే ఉంది.

*

పండగ ముందు రోజు మధ్యాహ్నం బస్సుకు కాసీ దిగింది. ఎత్తయిన మనిషి, తల మీద ఈకల టోపీ. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గుడ్డ ఉతికింది నువ్వేనా?" అంది.

"నేనే, వదినా."

"ఆ సోడా కొంచెం మా ఇంటికీ పంపు. మా తెరలు ఏం చేసినా తేలట్లేదు."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. పిల్లని తీసుకుపోవడానికి వచ్చింది, అయినా కష్టమే.

సాయంత్రం అయ్యేసరికి ముగ్గురం వంటింట్లో చేరాం. మేనస్ కొండ మీద గొర్రెల్ని దించడానికి వెళ్ళాడు. పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి. ఆ రాత్రి దుంపలు మెదిపి, మధ్యలో గుంట చేసి, గుంట నిండా వెన్న వెయ్యాలి. కాసీ వెన్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని కబుర్లు మొదలుపెట్టింది.

"బ్రిజిడ్ తల్లి పుట్టింది ఎక్కడో తెలుసా, సేడీ? గడప మీద. వాళ్ళమ్మ దాసీ మనిషి. తెల్లారగట్ట పాలు పితుక్కుని లోపలికి వస్తోంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అక్కడే పురుడొచ్చేసింది. అటు రాత్రీ కాదు, ఇటు పగలూ కాదు. అందుకే ఇప్పటికీ తలుపు దగ్గర నిలబెట్టి పిలుస్తాం ఆవిణ్ణి."

"అంతకుముందే బ్రిజిడ్ అని ఒక దేవత ఉండేదంట కదా, పాట్రిక్ వచ్చి అందర్నీ క్రైస్తవుల్ని చెయ్యకముందు?" అంది నాబ్లా. "మాస్టారు చెప్పారు."

"ఉండేదేమో. ఫాదర్ దగ్గర ఆ మాటనకు. ఎవరైతేనేం, ఆవులు అప్పుడూ ఈనేవి, ఇప్పుడూ ఈనుతున్నాయి. పైగా ఏసుబాబుని పెంచింది కూడా ఈవిడే. కన్నది మేరీ, పెంచింది బ్రిజిడ్."

"ఎలా కుదురుతుంది అత్తా? ఆవిడ పుట్టేసరికి ఏసు పుట్టి నాలుగు వందల ఏళ్ళయింది. మాస్టారు చెప్పారు."

"మీ మాస్టారు అక్కడున్నాడా ఏంటే? పిల్లాణ్ణి పెంచే మనిషి కావాల్సొచ్చింది, ఈవిడ వెళ్ళింది. లెక్కలు చూసుకుని వెళ్తారా ఎవరైనా?"

నాబ్లా నవ్వింది. ఆ పిల్ల నవ్వు నేను వినడం అదే మొదలు. కాసీ కిటికీ వంక చూసింది. "చీకటి పడుతోంది. ఇక లే. తుంగ పీక్కునిరా. మాటలు గుర్తున్నాయా?"

నవ్వు ఆగిపోయింది. "నేను బయటికి వెళ్ళను."

"అదేంటే? ఏటా నువ్వేగా?"

"నేను బయటికెళ్తే లోపల్నుంచి జవాబు చెప్పేదెవరు?"

ఎవరూ నా వంక చూడలేదు. ఆ ఇంట్లో ఏటా నాబ్లా తుంగమోపు పట్టుకుని బయట నిలబడేది, తలుపు తట్టేది. లోపల్నుంచి రమ్మని పిలిచేది యూనా. అది ఇంటి ఇల్లాలి మాట. కిందటేడు మేనస్ పిలిచాడట, మధ్యలో రెండుసార్లు ఆగి.

"నేను పిలుస్తాలే," అంది కాసీ.

"నీ ఇల్లు గ్లెంటీస్‌లో ఉంది."

"ఓసి నీ! అయితే తుంగ లేకుండా శిలువలెలా అల్లుతావు?"

నేను శాలువా తీసుకున్నాను. "తుంగ నేను తెస్తాను. పిలుపుల సంగతి తర్వాత మీరూ మీరూ చూసుకోండి."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి నాబ్లా గొంతు, నాతో అన్నట్టు కాక, గోడతో అన్నట్టు: "కత్తి తీసుకెళ్లకూడదు. తుంగ పీకాలి, కొయ్యకూడదు."

"అలాగే," అన్నాను నేనూ గోడతోనే.

బయట వాన, వానలో మంచు. పల్లపు పొలంలో చీలమండల దాకా నీళ్ళు. తుంగ పీకడం చూసినంత తేలిక కాదు. జారుతుంది, మొండికేస్తుంది, ఒక్కసారిగా వచ్చి మనిషిని వెనక్కి పడేస్తుంది. కాలర్లు కుట్టిన వేళ్ళు, అరచేతులు గీసుకుపోయాయి. ఒక్కో గుప్పెడూ పీకుతూ, రేపు పొద్దున్న బస్సు గురించి ఆలోచించాను. మూటలో మూడో జత మేజోళ్ళు పెట్టాను, చూసుకుంటుందో లేదో అనుకున్నాను. మోపు రెండు చేతులకూ నిండాక ఇంటికి తిరిగాను.

తలుపు వేసి ఉంది. రెండు ముక్కల తలుపది, పై ముక్కా కింది ముక్కా కూడా వేసేశారు. భుజంతో నెట్టాను. లోపల గడియ.

తట్టాను.

"ఎవరది?" నాబ్లా గొంతు, తలుపుకు ఆనుకునే ఉన్నట్టుంది.

"నేనే."

"నేనంటే?"

"సేడీని. తలుపు తియ్యి, తడిసి ముద్దయ్యాను."

"అలా అంటే తియ్యరు."

"మరెలా అనాలి?"

లోపల కాసీ ఏదో అనబోయింది. "అత్తా, ఊరుకో," అని వినిపించింది. తర్వాత తలుపు సందులోంచి, పాఠం అప్పచెప్పించే గొంతుతో: "మోకాళ్ళ మీద కూచోండి."

నేను మోపుతో సహా బురదలో మోకాళ్ళ మీదికి దిగబోయాను.

"నువ్వు కాదు! నువ్వు ఆ మాట అనాలి. కూచునేది మేము."

"సరే. మోకాళ్ళ మీద కూచోండి."

"కళ్ళు తెరవండి."

"కళ్ళు తెరవండి."

"బ్రిజిడ్ తల్లిని లోపలికి రానివ్వండి."

"బ్రిజిడ్ తల్లిని లోపలికి రానివ్వండి."

"అలా కాదు. అన్నీ కలిపి. గట్టిగా. మూడుసార్లు."

మొదటిసారి చలికి పళ్ళు కొట్టుకుని మాట తెగిపోయింది. రెండోసారి కొట్టంలోంచి ఆవు అరిచింది. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మోకాళ్ళ మీద కూచోండి, కళ్ళు తెరవండి, బ్రిజిడ్ తల్లిని లోపలికి రానివ్వండి."

లోపల కుర్చీ జరిగింది. కాసీ మూలుగుతూ మోకాళ్ళ మీదికి దిగడం తెలిసింది. శాలువా మీది నీళ్ళు మెడలోకి కారుతున్నాయి. మోపు బరువుకు చేతులు లాగుతున్నాయి. ఎంతసేపో చెప్పలేను, వాన చినుకులు మాత్రం చాలా పడ్డాయి.

"రా తల్లీ, రా," అంది నాబ్లా. "పెద్దతల్లీ, లోపలికి రా."

గడియ తీశారు. రాతి నేల మీద మోకాళ్ళతో, చెయ్యి ఇంకా గడియ మీదే ఉంచి, ఆ పిల్ల తలెత్తి నన్ను చూస్తోంది. నేను ఒక కాలు లోపల పెట్టి అక్కడే నిలబడిపోయాను.

"గడప మీద నిలబడకు," అంది. "చలి లోపలికి వస్తోంది."

తుంగ బల్ల కింద పెట్టించింది. నా అరచేతులు చూసింది. లేచి వెళ్ళి కాసీ ఒళ్ళోని గిన్నెలోంచి వేలెడు వెన్న తీసుకొచ్చి నా చేతిలో వేసింది. "దుంపలకి చాలదే!" అని కాసీ మొత్తుకుంది.

మేనస్ వచ్చేసరికి శిలువలు అల్లుతున్నాం. "ఏంటి, నేను లేకుండానే అయిపోయిందా?"

"అయిపోయింది," అంది నాబ్లా.

"ఎవరు పిలిచారు?"

"చేతులు కడుక్కునిరా నాన్నా, దుంపలు చల్లారిపోతున్నాయి."

పడుకోబోయే ముందు చెక్కపెట్టె తెరిచిన చప్పుడైంది. ఆ తెల్లటి గుడ్డతో నా దగ్గరికి వచ్చింది. "నీ టేపు ఇవ్వు." బల్ల మీద పరిచి కొలిచింది. ముప్పై రెండంగుళాలు. బ్రిజిడ్ తల్లి తాకితే రాత్రికి రాత్రి గుడ్డ కాస్త పెరుగుతుందంటారు. కోటు వేసుకుని, తనొక్కతే వెళ్ళి పొద మీద వేసి వచ్చింది.

*

తెల్లవారింది. వాన లేదు. నేను పొయ్యి రాజేస్తుంటే నాబ్లా గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది. ఒక చివర నన్ను పట్టుకోమంది. రెండో చివర తను పట్టుకుని టేపు పెట్టింది. తడి నార, కాస్త గట్టిగా లాగితే ఎంతైనా వస్తుంది. ఆ సంగతి నా కంటే తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆ పిల్ల కాస్త గట్టిగానే లాగింది.

"ముప్పై రెండున్నర," అంది. నా మొహంలోకి చూసింది.

"ముప్పై రెండున్నర," అన్నాను.

కాసీ టోపీ పెట్టుకుని, బ్యాగు పట్టుకుని వచ్చింది. "పదవే, బస్సు టైమైంది. నీ మూట ఏది?"

నాబ్లా గుడ్డను నాలుగు మడతలు పెడుతోంది. "ఇది మళ్ళీ మొదలుపెట్టాను అత్తా. ఇప్పటికి ఒకటి. ఇంకా ఆరు ఉన్నాయి."

"అయితే?"

"అయితే ఏంటి? మధ్యలో వదిలేసి ఎలా రాను?"

కాసీ మేనస్‌ను చూసింది. మేనస్ పొయ్యిని చూశాడు. కాసీ చివరికి నన్ను చూసింది, చాలాసేపు, నిన్న బస్సు దిగినప్పుడు చూసినట్టే పైనుంచి కిందిదాకా. "ఏడేళ్ళా! అప్పటికి నేనుంటానో పోతానో."

"ఉంటావులే. ఏటా పండక్కి వచ్చి చూసుకో. బ్యాగు ఇటివ్వు, రోడ్డుదాకా నేను మోస్తా."

ఇద్దరూ బయటికి నడిచారు. నాకు బస్సు దగ్గరికి వెళ్ళాలనిపించలేదు, పొయ్యి దగ్గరికి పోవాలనీ అనిపించలేదు. గుమ్మంలో నిలబడ్డాను. నాబ్లా రెండు చేతులతో బ్యాగు మోస్తూ, కాసీ పెద్ద అంగలకు తన చిన్న పరుగు జతచేస్తూ వెళుతోంది. మలుపు తిరిగేదాకా వెనక నుంచి కోటు కనిపిస్తూనే ఉంది. ఎడమ పక్క మూడంగుళాలు పైకి లేచిన అంచు. నేను ఈ చేతులతో కుట్టినవాటిలో అంత వంకరది ఇంకొకటి లేదు.